ఎండాకాలం గౌతమిలో ఇంజిను పడవ

చి॥ అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఫైబరు పడవ, 9.9 హార్స్ పవర్ ఇంజిను తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. మే నెల నుంచే లంకలకు తిప్పుతానంటున్నావట. అందుకే నీళ్లు తగ్గినప్పుడు చూసుకోవలసినవి రాస్తున్నాను. ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు దించేశాక కింద గౌతమికి వచ్చే నీళ్లు కొద్ది. పాయ సన్నబడి మేటలు తేలతాయి. పోయినేడు పడవలు తిరిగిన దారి వరద తర్వాత పూడిపోయి ఉండొచ్చు. ఎవరెంత గట్టిగా చెప్పినా ఈ ఏటి లోతు ఈ ఏడే కొలుచుకో.

ముందు గెడ తయారుచెయ్యి. 12 అడుగుల వెదురుకు అడుగడుక్కీ రంగు గీత పెట్టు. పడవలో రోజూ ఎక్కే బరువు ఎక్కించి, నీటిమట్టం నుంచి ఇంజిను కాలు, అంటే నీళ్లలోకి దిగి పంకా ఉండే కింది భాగం, చివరిదాకా టేపుతో కొలువు. ఇలాంటి పడవకు రెండడుగులకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. దానికి అరడుగు కలిపి గెడ మీద ఎర్ర గీత వెయ్యి. ముందు కూర్చున్న మనిషి గెడ దించుతూ లోతు పైకి చెబుతూ ఉండాలి. నీళ్లు ఎర్ర గీత దాకా రాలేదంటే నువ్వు వేగం తగ్గించి ఇంజిను ఎత్తాలి. గెడ మెత్తగా దిగితే ఒండ్రు, గరగరమంటే ఇసుక, ఠక్కుమంటే రాయి. ఒండ్రులో ఇరుక్కుంటే గెడ వదిలెయ్యమని ఆ మనిషికి ముందే చెప్పు. పట్టుకుని వేలాడితే పడవ ముందుకు పోతుంది, తను నీళ్లలో ఉంటాడు.

ఏరు వంపు తిరిగే చోట బయటి ఒడ్డు కోసుకుపోతుంది, లోతు అక్కడే. లోపలి ఒడ్డున ఇసుక పేరుకుంటుంది. ఒక వంపు నుంచి ఎదురు వంపుకు పోయేటప్పుడు లోతు పాయ ఏటికి అడ్డంగా ఏటవాలుగా దాటుతుంది. పడవలు ఎక్కువగా మేట ఎక్కేది ఈ దాటులోనే, ఎందుకంటే నీళ్లు వెడల్పుగా పరుచుకుని లోతు తగ్గిపోతుంది. ఒకేచోట కదలకుండా చిన్న చిన్న అలలు లేస్తుంటే కింద మేట ఉన్నట్టు. గాలి రేపే అలలు ఏరంతా పరుగెత్తుతాయి. ఎండ ఎదురుగా కొట్టేటప్పుడు ఈ తేడా కనబడదు. తెలియని పాయలోకి ఎండ వీపున పడే వేళ చూసుకుని వెళ్లు.

మేట ఆకారం బాగా గుర్తుపెట్టుకో. ఎగువ వైపు నిదానంగా ఎత్తవుతుంది, దిగువ అంచున నిటారుగా తెగిపోతుంది. ఏటివాలున వస్తే తెలియకుండానే దాని మీదకి ఎక్కుతావు, ఎక్కాక వడి ఇంకా పైకి నెడుతుంది. ఎదురెక్కుతూ తగిలితే ఆ వడే వెనక్కి దించుతుంది. అందుకని కొత్త దారిని మొదటిసారి ఎదురెక్కుతూనే చూసుకో.

నీళ్లు పల్చబడుతుంటే పడవలోనే తెలుస్తుంది. వెనక భాగం కుంగుతుంది, వెనకాల అల నిటారుగా లేస్తుంది, ఇంజిను అంతే తిరుగుతున్నా నడక బరువెక్కుతుంది. అప్పుడు థ్రాటిల్ మెల్లగా తగ్గించు. ఒక్కసారిగా ఆపేస్తే ఆ అల వెనక నుంచి వచ్చి పడవను ఎత్తి మేట మీద పడేస్తుంది. తక్కువ నీళ్ల కోసం ఇంజినును కొంచెం ఎత్తి నిలిపే మెట్టు ఉంటుంది. అందులో పెట్టినప్పుడు నెమ్మదిగానే పోవాలి. చాలా ఇంజిన్లకు ఆ మెట్టులో వెనక లాక్ పడదు, రివర్సు వేస్తే కాలు పైకి ఎగురుతుంది. ఇంజినును చల్లబరచడానికి నీళ్లు లాగే రంధ్రాలు కాలు మీద ఉంటాయి, అవి మునిగి ఉండాలి. పక్క నుంచి వచ్చే సన్నధార ఆగిందంటే వెంటనే ఇంజిను కట్టెయ్యి. ఇసుకో నాచో అడ్డుపడి ఉంటుంది, సన్నతీగతో పొడిచి చూడు. అయినా రాకపోతే నీళ్ల పంపులో తిరిగే రబ్బరు చక్రం, ఇంపెల్లరు, అరిగి ఉండొచ్చు, దాన్నలా నడపకు.

మేట తగిలితే మొదటి పని ఇంజిను ఆపడం. రివర్సు వేసి గుంజితే పంకా లేపిన ఇసుకంతా పంపులోకి పోతుంది. కాలు ఎత్తు, మనుషుల్ని లోతు వైపుకి జరుపు, వచ్చిన వైపుకే గెడ వెయ్యి. కదలకపోతే లంగరు లోతులోకి విసిరి తాడు పట్టి లాగు. దిగక తప్పకపోతే గెడతో అడుగు చూసి, జాకెట్ వేసుకుని దిగాలి. ఇసుక ర్యాంపుల దగ్గర ఇది మరీ ముఖ్యం: తవ్విన గోతుల పక్కన మోకాటి లోతు తర్వాత అడుగే నిలువెత్తు ఉండొచ్చు. పడవకు దిగువ వైపు మాత్రం ఎవరూ నిలబడకూడదు. ఒక్కసారి కదిలిందంటే మీదకే వస్తుంది.

యానాం వైపు పోయేకొద్దీ పోటు చూసుకోవాలి. ఒక పోటుకూ ఇంకో పోటుకూ సుమారు 12 గంటల 25 నిమిషాలు, కాబట్టి రోజూ 50 నిమిషాల దాకా ఆలస్యమవుతుంది. లోతు తక్కువ చోట్లను పోటు ఎక్కుతుండగానే దాటు. అప్పుడు మేట తగిలినా కాసేపట్లో నీళ్లే లేపుతాయి. పోటు తీస్తున్నప్పుడు తగిలితే గంటల తరబడి ఉండిపోవాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నిండు పోటు మీద ఎక్కావంటే ఇంకా ఇబ్బంది, మళ్లీ అంత ఎత్తు నీళ్లు రావడానికి పక్షం పట్టొచ్చు.

పంకాను ఇరుసుకు పట్టి ఉంచేది షియర్ పిన్నా (దెబ్బ తగిలితే తెగిపోయే మేకులాంటిది), రబ్బరు బుష్షా అని అమ్మినవాణ్ణి అడుగు. పిన్నయితే అది తెగినప్పుడు ఇంజిను గోల పెడుతుంది, పడవ కదలదు. దాని బదులు మేకు కొట్టొద్దు. పిన్ను తెగేది గేర్లు విరక్కుండా ఉండడానికే. పిన్నులు నాలుగు, స్ప్లిట్ పిన్నులు, కటింగ్ ప్లేయరు, ప్లగ్గు స్పానరు, రెండు తెడ్లు ఎప్పుడూ పడవలోనే ఉంచు. పంకాకు వల చుట్టుకుంటే ఇంజిను ఆపి, కాలు ఎత్తి, తిరిగిన దిశకు ఎదురు తిప్పుతూ విప్పు. కొయ్యక తప్పకపోతే వల ఎవరిదో కనుక్కుని డబ్బులిచ్చెయ్యి.

కిల్ స్విచ్చి తాడు మణికట్టుకు కట్టుకోకుండా స్టార్టు చెయ్యొద్దు. నువ్వు పడిపోతే ఇంజిను ఆగాలి, లేకపోతే పడవ గిర్రున తిరిగి నీ మీదకే రావచ్చు. ఎక్కిన ప్రతి మనిషికీ జాకెట్ ఉండాలి, లోతు తక్కువేగా అని ఎవరైనా అంటే ఎక్కించుకోకు. ఇదంతా నీళ్లు తక్కువున్న రోజుల మాట. వరదొచ్చాక ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక ఇస్తారు. అంతదాకా ఆగకుండా ఎర్రనీళ్లు దిగడం మొదలవగానే పడవ ఒడ్డెక్కించు.

ఉప్పునీళ్లలో తిరిగొచ్చిన రోజు ఇంజిను కాలును మంచినీళ్ల డ్రమ్ములో దించి పది నిమిషాలు న్యూట్రల్‌లో తిరగనియ్యి.

ఇట్లు,
పెదనాన్న