ఇంజన్ మార్చే ముందు: నల్లగొండ రేసింగ్ టీం పిల్లలకు

బిడ్డా,

మీ ఉత్తరం చదివిన. పోయిన జనవరిల కోయంబత్తూరు కారి స్పీడ్‌వే మీద, కాలేజీ టీంలు కట్టిన రేసు కార్ల పోటీల, మీ కారు ఎండ్యూరెన్స్ (దూరం పరుగు) సగంల ఆగిపోయిందని, 600 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజన్ ఇచ్చినాయనను వదిలేసి, కేటీఎం 390 డ్యూక్ బైకు సింగిల్ సిలిండర్ ఇంజన్ ఇస్తనంటున్న ఇంకొకాయన దగ్గరికి పోదామనుకుంటున్నమని రాసినవు. నన్నడిగితే పొమ్మనే అంట. కాని పాత ఇంజన్ ఎందుకు చెడిపోయిందో తేలకముందు కొత్తదానికి అడ్వాన్స్ ఇయ్యకండి. తప్పు ఇంజన్‌దా, మీరు దాన్ని కార్ల పెట్టిన తీరుదా అన్నది ముందు తెలియాలె. తీరుదే అయితే, ఏ సప్లయర్ దగ్గర ఏ ఇంజన్ కొన్నా మార్చి వరకు ఇట్లాంటి ఉత్తరమే మల్ల రాస్తరు.

పాత ఇంజన్‌ల ఆయిల్ తీసి తెల్ల కాటన్ గుడ్డల వడబోయండి. సన్నటి బూడిద రంగు మట్టి లెక్క ఉంటే మామూలు అరుగుదల. రాగి రంగు రేకులు మెరుస్తుంటే, కనెక్టింగ్ రాడ్ కింది బేరింగ్ పై పొర పోయి లోపలి పొర బయటపడ్డట్టు. బైకు ఇంజన్‌ను కార్ల పెట్టినోళ్లకు ఎక్కువ తగిలే దెబ్బ ఇదే. బైకు మలుపుల వంగుతది కాబట్టి ఆయిల్, సంప్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే గిన్నె) అడుగునే ఉంటది. కారు వంగదు. గట్టి మలుపుల ఆయిల్ అంతా ఒక పక్కకు ఎగబాకి, పికప్ పైపు ఆయిల్‌కు బదులు గాలి గుంజుతది. ఒక్కసారికి ఏం కాదు. ప్రతి రౌండ్‌ల, ప్రతి మలుపుల గట్లనే అయితుంటే బేరింగ్ కాలిపోతది. మీది సగం దూరంల ఆగిందంటే నాకు మొదటి అనుమానం దీని మీదనే.

మందు పెద్దదేం కాదు. సంప్‌ల పికప్ చుట్టు అడ్డ రేకులు పెట్టాలె. వాటికి లోపలి దిక్కే తెరుచుకునే చిన్న రెక్కలు ఉంటే ఇంకా మంచిది: ఆయిల్ పికప్ దిక్కు వస్తది, వెనక్కి పోదు. ఆయిల్ ప్రెషర్ బల్బు డ్రైవర్ కండ్ల ముందట ఉండాలె, డాష్ కింద కాదు. ప్రెషర్ సెన్సర్ పెట్టి రికార్డు చేసుకుంటే ఏ మలుపుల పడిపోతుందో కాయితం మీద దొరుకుతది. కొంతమంది ఆయిల్ అర లీటరు ఎక్కువ పోసి చేతులు దులుపుకుంటరు. అట్ల చేస్తే క్రాంక్ ఆ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తది, మిగిలింది బ్రీదర్ పైపు నుంచి బయటికొస్తది. ఇవన్నీ సింగిల్ సిలిండర్‌కు గూడ తప్పవు.

ఇగ 390 ఎందుకు మంచిదో లెక్క చూడు. రూల్ ప్రకారం పెట్రోల్ ఇంజన్ పీల్చే గాలంతా 20 మిల్లీమీటర్ల రెస్ట్రిక్టర్ (గాలిని కట్టడి చేసే సన్న రంధ్రం) నుంచే పోవాలె. ఆ రంధ్రం నుంచి సెకనుకు సుమారు 74 గ్రాముల గాలి కన్న ఎక్కువ పోదు, ఎంత గుంజినా అంతే. 600 సీసీ ఇంజన్ 13,000 ఆర్‌పీఎం దగ్గర అడిగేది దగ్గర దగ్గర 76 గ్రాములు. అంటే పైన ఉన్న దాని బలమంతా మీరు కొని, మోసి, వాడుకోకుండ వదిలేస్తున్నరు. 390 అని పిలిచే ఈ 373 సీసీ ఇంజన్ 9,000 దగ్గర అడిగేది సగటున 33 గ్రాములే. అయితే సింగిల్ ఒక్కటే గుక్కల పీలుస్తది, మిగిలిన సేపు ఊకుంటది. ఆ గుక్కప్పుడు రంధ్రం సరిపోదు. అందుకే రెస్ట్రిక్టర్‌కు, ఇంజన్‌కు నడుమ గాలి నిల్వ ఉండే ప్లీనం డబ్బా కాస్త పెద్దదే ఉండాలె. 600 మీద వాడిన పాత ప్లీనం దీనికి తగిలిస్తమంటే కుదరదు.

బలం సంగతి అట్లుంచు. పుణె దగ్గరి చాకన్‌ల తయారైన 390 ఇంజన్‌కు గాస్కెట్ పోతే పొద్దున హైదరాబాద్ బస్సెక్కి సాయంత్రానికి తెచ్చుకోవచ్చు. బయటి దేశం నుంచి వచ్చిన నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు ఒక్క బేరింగ్ షెల్ కోసం మూడు వారాలు కూసుంటే మీ సీజన్ అక్కడనే అయిపోతది. నల్లగొండల ఉండి కారు కట్టేటోళ్లు హార్స్‌పవర్ కన్న ముందు ఈ దూరం చూసుకోవాలె.

ఫార్ములా వన్ల పెద్దోళ్లు ఇంజన్ ఎట్ల మార్చిన్రో చూడు. ఫోర్స్ ఇండియా 2008ల ఫెరారీ ఇంజన్‌తోని 18 రేసులు తిరిగింది, ఒక్క పాయింట్ రాలె. 2009కి మెర్సిడెస్‌కు పోయింది. ఉత్త ఇంజన్ తెచ్చుకోలె. గేర్‌బాక్సు, హైడ్రాలిక్స్ గూడ మెక్‌లారెన్ దగ్గరనే తీసుకున్నది. ఆ ఏడు బెల్జియం స్పా ట్రాక్‌ల వాళ్ల డ్రైవర్ ఫిసికెల్లా పోల్ కొట్టి రెండో స్థానంల వచ్చిండు, సీజన్ మొత్తం మీద 13 పాయింట్లు. ఇగ లోటస్ చూడు. 2010ల కాస్‌వర్త్ ఇంజన్‌తోని కొత్తగ వచ్చింది. 2011కి రెనో ఇంజన్, రెడ్ బుల్ గేర్‌బాక్సు, హైడ్రాలిక్స్ తెచ్చుకున్నది. రెండేండ్లల్ల సున్నానే. వెనక సామాను మంచిదైనా మిగిలిన కారు గూడ కలిసిరావాలె. ఎవరన్న బ్రాన్ టీం పేరు చెప్పి, వాళ్లు 2008 ఆఖరుకు హోండా పోతే మెర్సిడెస్ పెట్టుకుని 2009ల చాంపియన్ కాలేదా అంటే, వాళ్ల వెనక వందల మంది పనిచేసే ఫ్యాక్టరీ ఉండెనని చెప్పు. మీకున్నది కాలేజీ వర్క్‌షాపు, ఒక వెల్డింగ్ మిషను.

కాబట్టి కొత్త సప్లయర్‌తోని బేరం ఇంజన్‌కు చెయ్యకండి, సెట్టుకు చెయ్యండి. ఇంజన్, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), మొత్తం వైరింగ్, థ్రాటిల్ బాడీ, ఇంజెక్టర్, ఫ్యూయల్ పంపు, రెక్టిఫైయర్, రేడియేటర్, ఫ్యాను, ఇగ్నిషన్ లాకు, అన్ని సెన్సర్లు ఒకే బండివి కావాలె. వైరింగ్‌ను కత్తిరించి ఇస్తనంటే తీసుకోవద్దు. విడివిడిగ కొంటే సస్త వస్తదనిపిస్తది, కాని రెండు మోడళ్ల సామాను కలిస్తే కనెక్టర్లు కలవవు, ఈసీయూ సెన్సర్‌ను గుర్తుపట్టదు, నెల రోజులు వైర్లు వెతుకుడే అయితది.

ఏ ఏడుదో గూడ అడుగు. 2013 నుంచి 2016 దాక వచ్చిన 390లకు థ్రాటిల్ కేబులే. 2017 నుంచి ఎలక్ట్రానిక్ థ్రాటిల్. అది పెడితే రూల్ బుక్కుల దానికి వేరే అధ్యాయమే ఉంది: పెడల్‌కు అదనపు సెన్సర్లు, బ్రేకు థ్రాటిల్ ఒక్కసారి నొక్కితే పవర్ ఆపే సర్క్యూట్, వాటి తనిఖీలు. రెండో ఏడు టీంకు ఆ బరువు వద్దు. కేబుల్‌ది దొరికిచ్చుకోండి.

ఇట్లాంటి ఇంజన్లు ఎక్కువ యాక్సిడెంట్ బండ్లల్లకెల్లి వస్తయి. ఇంజన్ నంబరు మీ చేత్తోని తుడిచి చూసి, ఆర్సీ కాపీతోని కలిపి, పక్కా బిల్లు మీద అదే నంబరు రాయించుకోండి. కచ్చా చీటీ పనికిరాదు. నంబరు గీకేసినట్టుంటే ఎంత తక్కువకిచ్చినా అక్కడికెల్లి లేచి రండి. పైసలు ఒకేసారి ఇయ్యకండి. కొంత అడ్వాన్స్, మిగిలింది పరీక్షలైనంక, పదిహేను రోజులల్ల లోపల లోపం బయటపడితే వాపసు అని కాయితం మీద ఉండాలె.

పరీక్షలంటే: ముందు ప్లగ్గు తీసి క్రాంక్‌ను చేత్తోని తిప్పు, ఎక్కడన్న పట్టేస్తుందా చూడు. ప్లగ్గు రంధ్రంల బోరోస్కోపు (సన్న గొట్టం కెమెరా) పెట్టి సిలిండర్ గోడ మీద నిలువు గీతలున్నయా చూడు. లీక్‌డౌన్ టెస్టు చెయ్, అంటే సిలిండర్ల గాలి నింపి ఎంత బయటికి పోతుందో కొలువు. గాలి ఏడికెల్లి పోతుందో చెవి పెట్టి విను: థ్రాటిల్ బాడీల వినబడితే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్ దిక్కు వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ మూతల బుస్సుమంటే రింగులు, రేడియేటర్ల బుడగలొస్తే హెడ్ గాస్కెట్. తర్వాత ఆరు గేర్లు ఒక్కొక్కటి పడుతున్నయా, మల్ల న్యూట్రల్‌కు వస్తుందా చూడు. వాల్వు క్లియరెన్సు ఫీలర్ గేజ్‌తోని కొలిచి మాన్యువల్‌తోని పోల్చు.

ఇంజన్ దొరికినంక ఫ్రేమ్ పని. చెడిపోయిన ఇంకో 390 ఇంజన్ ఖాళీ కేసు దొరుకుతదేమో చూడండి. దాన్ని జిగ్ (కొలత తప్పకుండ పట్టే చట్రం) మీద పెట్టి దాని చుట్టు బ్రాకెట్లు కట్టాలె, అసలు ఇంజన్‌తోని కాదు. బ్రాకెట్లు లేజర్ కటింగ్ కావాలంటే హైదరాబాద్‌ల బాలానగర్, చర్లపల్లి దిక్కు పోండి. ముందు అన్ని చోట్ల చుక్క వెల్డింగు, కొలతలు మల్ల చూసుకుని అప్పుడు పూర్తి వెల్డింగు, అటొక వైపు ఇటొక వైపు మార్చుకుంట. ఒకే దిక్కు గుంజుకుంట పోతే పైపు వంగుతది. చివరికి రంధ్రం ఒక మిల్లీమీటర్ తేడా వస్తే బోల్టు కొట్టి ఎక్కిచ్చకండి. ఆ గుంజుడంతా అల్యూమినియం కేసు మీద పడి చెవి దగ్గర పగులుతది. బ్రాకెట్ కోసి మల్ల అతికించండి. కార్ల అసలు ఇంజన్ ఉన్నప్పుడు వెల్డింగ్ చెయ్యాల్సొస్తే బ్యాటరీ, ఈసీయూ రెండూ తీసి పక్కకు పెట్టాలె.

చైన్ లైన్‌కు స్టీలు పట్టీ ముందు స్ప్రాకెట్ ముఖానికి ఆనించి వెనక స్ప్రాకెట్ దాక చూడండి. ఒక మిల్లీమీటర్ కన్న తేడా ఉండొద్దు, ఉంటే చైన్ పండ్లు తినేస్తది. పండ్ల లెక్క గురించి మీరు భయపడుతున్నరు గాని, బైకుకున్న ముందు 15, వెనక 45 పండ్లతోనే మొదలుపెట్టొచ్చు. బైకు వెనక టైరు ఎత్తు సుమారు 612 మిల్లీమీటర్లు, మీ టైరు 457. టైరు చిన్నదైన కొద్ది టాప్ స్పీడు తగ్గి, బైకు 165 పోయే కాడ మీది 123 పోతది. మలుపులెక్కువున్న ట్రాక్‌కు అది చాలు. వెనక దానికి 42, 48 పండ్లవి గూడ ఒక్కొక్కటి చేయించి పెట్టుకోండి.

నీళ్ల సంగతి మన జిల్లాల ప్రత్యేకంగ చెప్పాలె. రేడియేటర్ల కూలెంట్ పొయ్యనియ్యరు, ఉత్త నీళ్లే. అట్లని హాస్టల్ బోరు నీళ్లు పొయ్యకండి. మన నీళ్లు ఎంత ఉప్పుదనమో ఏ ఇంట్ల బకెట్ అడుగు చూసినా తెలుస్తది. రేడియేటర్ సన్న గొట్టాలల్ల గూడ అదే తెల్ల పెచ్చు కడుతది. బ్యాటరీల పోసే డిస్టిల్డ్ నీళ్లు వాడండి. రేడియేటర్ చుట్టు సందులన్నీ రేకుతోని, ఫోముతోని మూయండి. గాలికి పక్కకెల్లి తోవ ఉంటే రేడియేటర్ల నుంచి పోదు. ఇక్కడ మే నెల ఎండల వేడెక్కకుండ తిరిగితే జనవరిల కోయంబత్తూరుల భయం లేదు.

వైరింగ్‌ల రెండు చోట్ల అందరు ఆగిపోతరు. సైడ్ స్టాండ్ స్విచ్చు, క్లచ్ స్విచ్చు తీసేస్తే ఇంజన్ స్టార్ట్ కాదు, సర్క్యూట్ డయాగ్రం చూసి అవి సరిగ్గ ఉన్నట్టు ఈసీయూకు చూపాలె. బండి పడిపోతే ఇంజన్ ఆపే టిల్ట్ సెన్సర్ బైకుల ఎట్ల నిలబడి ఉండెనో కార్ల గూడ అట్లనే నిలబెట్టాలె. సింగిల్ వణుకుడు ఎక్కువ, కాబట్టి వైర్లకు టంకం పెట్టకండి, టంకం అయిపోయిన కాడనే తెగుతది. క్రింపు చేసిన టెర్మినల్సే పెట్టండి.

శబ్దం పరీక్షకు పాత లెక్క పనికిరాదు. పిస్టన్ సగటు వేగం సెకనుకు 15.25 మీటర్లయ్యే ఆర్‌పీఎం దగ్గర కొలుస్తరు. స్ట్రోకు 60 మిల్లీమీటర్లు కాబట్టి మీకు 7,625 వస్తది, దగ్గరి 500కు సవరిస్తే 7,500. హద్దు 110 డెసిబెల్స్, సి వెయిటింగ్. సింగిల్ గుడగుడ శబ్దాన్ని ఆ వెయిటింగ్ తక్కువ చేసి చూపదు. సైలెన్సర్ల ఊలు నింపి ముందే కొలుచుకోండి.

హుసేన్ సాగర్ ఒడ్డున 2023ల ఎలక్ట్రిక్ రేసు చూసినంక మీ టీంల సగం మందికి మోటరు మీద మనసు పోయిందని విన్న. వచ్చే ఏడు మాట్లాడుకోండి. ఒక్క ఏడుల ఒక్కటే మార్చాలె.

వినాయక చవితికి ఇంజన్ ఫ్రేమ్‌ల కూసోవాలె. దసరా ఆయుధ పూజ నాడు స్టార్ట్ కావాలె. దీపావళి దాటినంక డిజైన్ మార్పు మాటే ఎత్తొద్దు, తిరుగుడే. ఎండ్యూరెన్స్ 22 కిలోమీటర్లు, నడుమ డ్రైవర్ మారుతడు. కాబట్టి 11 కిలోమీటర్లు గట్టిగ తిప్పి, ఇంజన్ ఆపి, మూడు నిమిషాలు అట్లనే వేడి మీద వదిలి, మల్ల స్టార్ట్ చెయ్యండి. చల్లగున్నప్పుడు టక్కున స్టార్ట్ అయ్యే ఇంజన్ ఇక్కడ మొరాయిస్తది: పెట్రోల్ పైపు ఎగ్జాస్ట్ పక్కకెల్లి పోయి వేడెక్కుతది, లేకపోతే చిన్న బ్యాటరీ అప్పటికే ఫ్యాను తిప్పి తిప్పి అలసిపోతది. వరుసగ ఐదుసార్లు స్టార్ట్ అయ్యే దాక ఈ పరీక్ష ఆపొద్దు.

ఇంజన్ చూడనీకి పోయే రోజు రెండు దినాల ముందు ఫోన్ చెయ్. బోరోస్కోపు, లీక్‌డౌన్ గేజ్ నా దగ్గరున్నయి, పట్టుకొస్త. పాత ఇంజన్ ఆయిల్ వడబోసిన గుడ్డ పారెయ్యకుండ కవర్ల పెట్టి ఉంచు.

ఉంట,
మీ మామ