స్ప్లైసింగ్ మిషన్ కొన్న అమ్మికి పెద్దనాయన రాసేది

అమ్మీ,

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేసి ఒకటే గోల. ఉద్యోగం మానేశావంట, లోన్ పెట్టి ఫైబర్ కేబుల్‌లో గాజు పోగుల్ని కరిగించి అతికించే స్ప్లైసింగ్ మిషన్ కొన్నావంట, అనంతపురంలో సొంతంగా పనులు పట్టుకుంటావంట, "నువ్వన్నా చెప్పు అన్నా" అంటాడు. దాని చేయి వణకదులే, పడుకో పో అని వాణ్ణి సముదాయించి పెట్టేశాను. ఆ తర్వాత నాకే నిద్ర పట్టలేదు. సగం సంతోషం. మన ఇంట్లో నా తర్వాత ఈ పని ఎవరూ ముట్టుకోరనుకున్నా. మిగతా సగానికి కారణం వాడు చివర్లో అన్న మాట: మొదటి పని ఓర్వకల్లు వైపు సోలార్ ప్లాంటులో, పాత బ్లాకులో ఉన్నది మల్టీమోడ్ (లోపల వెలుతురు దారి వెడల్పు), కొత్తగా లాగింది సింగిల్ మోడ్ (దారి సన్నం), రెంటినీ కలపాలంట.

మామూలు సంగతులు నీకు తెలుసు. అతుకు మీద కప్పే స్లీవ్ గొట్టం ముందే ఎక్కించుకో (మర్చిపోతావు, అందరం మర్చిపోయాం). కోటింగ్ తీశాక ఆల్కహాల్‌తో తుడిచి, క్లీవ్ చేసిన (నున్నగా కోసిన) కొనని దేనికీ తగలనివ్వకుండా మిషన్‌లో పెట్టు. మన వైపు గాలికి దుమ్ము ఎట్లా లేస్తుందో చెప్పక్కర్లేదు, వ్యాన్ తలుపులు మూసుకుని ఫ్యాన్ ఆపి చెయ్యి, చెమట పట్టినా సరే.

ఇక అసలు విషయం. చాలా ఏళ్ల కిందట ఎర్రగుంట్ల వైపు ఒక ఫ్యాక్టరీలో సరిగ్గా ఇదే పని పడింది నాకు. గేటు నుంచి కొత్త కేబుల్, కంట్రోల్ రూమ్ నుంచి పాత కేబుల్, మధ్యలో చాంబర్. బయట వేసే కేబుల్ కదా, రెండూ నల్లగానే ఉంటాయి. తొక్క వలిస్తే లోపల రంగులు కూడా రెండింట్లో ఒకటే, బ్లూ, ఆరెంజ్, గ్రీన్. నాకేం అనుమానం రాలేదు. బ్లూకి బ్లూ, ఆరెంజ్‌కి ఆరెంజ్ కొట్టేశాను. మిషన్ 0.02 డీబీ నష్టం అని చూపించింది, అంటే అతుకు దగ్గర వెలుతురు దాదాపు పోనట్టే. ఒక కొన నుంచి టార్చిలాంటి రెడ్ లైట్ కొడితే అవతల ఎర్రగా వెలిగింది. జాయింట్ మీద క్లోజర్ పెట్టె మూసేసి, చేతులు కడుక్కుని, టీ తాగాను.

తీరా చూస్తే కంట్రోల్ రూమ్‌లో సిగ్నల్ అందితే వెలిగే లింక్ లైటు వెలిగింది, గేటు దగ్గర వెలగలేదు. కోసి మళ్లీ కొట్టాను. మళ్లీ 0.02. ఇంకోసారి కొట్టాను. అప్పుడు నేను అన్న మాట ఇప్పటికీ గుర్తొస్తుంది: "జాయింట్ బంగారంలా ఉంది సార్, మీ డబ్బానే పోయింది." అక్కడ ఒక కుర్ర ఇంజనీర్ ఉండేవాడు, కంట్రోల్ రూమ్‌లో ఫైబర్‌లోకి వెలుతురు పంపే ఆ డబ్బా అతనే కొనిపెట్టింది. నా మాట పట్టుకుని వాళ్ల పెద్దాయన అందరి ముందూ ఆ పిల్లోణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు. నేను పక్కనే నిలబడి విన్నాను. హైదరాబాద్ నుంచి కొత్త డబ్బా రావడానికి రెండు రోజులు పట్టింది. అది పెట్టినా అంతే, గేటు దగ్గర చీకటి.

మూడో రోజు పొద్దున చాంబర్ దగ్గర కూర్చుని, ఏమీ తోచక, పాత కేబుల్ మీద సిమెంటు దుమ్ముని ఉమ్మి తడితో బొటనవేలితో రుద్దాను. అచ్చు బయటపడింది. 62.5/125. కొత్తదాని మీద 9/125.

చూడు అమ్మీ, బయటి గాజు రెంటికీ 125 మైక్రాన్లే, మా మిషన్ ఆ అంచులు చూసి జోడించేది, అందుకే దానికి అంతా బాగానే కనపడింది. ఆ అంకె మిషన్ వేసుకున్న అంచనానే, లోపల వెలుతురు ఎంత దాటిందో కొలిచి చెప్పింది కాదు. వెలుతురు నడిచే దారి ఒకదాంట్లో తొమ్మిది మైక్రాన్లు, ఇంకోదాంట్లో అరవై రెండున్నర. గరాటు కొనలోంచి శనక్కాయలు గోతంలోకి పోస్తే ఒక్కటీ కింద పడదు. అదే గోతాన్ని ఎత్తి గరాటు కొన మీద కుమ్మరించు, ఎన్ని దూరతాయి? యాభై పాళ్లలో ఒక పాలు, డీబీలో అయితే 17 దాకా పోయినట్టు. గేటు నుంచి వచ్చేది వచ్చింది, గేటుకి పోయేది పోలేదు. రెడ్ లైటుదీ ఇదే మోసం, ఆ కాస్త దూరినా కంటికి ఎర్రగానే కనిపిస్తుంది.

కాబట్టి ప్లాంటువాళ్లు కలపమంటే కలపనని చెప్పు. సింగిల్ మోడ్‌ని ఒక ప్యానెల్‌లో ఆపి, మల్టీమోడ్‌ని ఇంకో ప్యానెల్‌లో ఆపి, మధ్యలో ఒకదాని సిగ్నల్‌ని ఇంకోదానికి మార్చే మీడియా కన్వర్టర్ పెట్టించు. గిగాబిట్ ఎల్‌ఎక్స్ మాడ్యూల్‌ని (డబ్బాలో వెలుతురు పంపే ముక్క) పాత మల్టీమోడ్ మీద నడపాలంటే మోడ్ కండిషనింగ్ ప్యాచ్ కార్డ్ అని చిన్న కేబుల్ వేరే ఉంటుంది, రెండు చివర్లా అదే వాడాలి. ఏదైనా ముందు అచ్చు చదువు. లైట్ సోర్స్, పవర్ మీటర్ పెట్టి రెండు వైపుల నుంచీ కొలువు. కొలిచేదాకా ఎవరి సామాను మీదా నోరు జారొద్దు. ఆ కుర్రాడికి నేను క్షమాపణ చెప్పలేదు. జాయింట్ విప్పి, మాట్లాడకుండా బిల్లు తగ్గించుకుని వచ్చేశాను.

నాకు అన్నిటికంటే భయం మాత్రం గాజు ముక్కలు. నా ఎడమ బొటనవేల్లో ఒకటి ఇంకా ఉంది, చలికాలం అక్కడ ముట్టుకుంటే చురుక్కుమంటుంది. ఒకసారి పనిబల్ల మీదే ఉగ్గాని పొట్లం విప్పాను, హెల్పర్ నా చేయి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది, బొరుగుల మధ్య సన్నగా ఏదో మెరిసింది. నీ ఇంట్లో పాకే పిల్లోడు ఉన్నాడు. కోసిన ప్రతి ముక్కా మూత ఉన్న డబ్బాలో వెయ్యాలి, పని బట్టలు గుమ్మం బయటే దులపాలి, చేతులు కడగకుండా వాణ్ణి ఎత్తుకున్నావని తెలిస్తే అనంతపురం వచ్చి మరీ తిడతాను. ఫైబర్ కొనలోకి కన్ను పెట్టి చూడొద్దు, ఇందులో నడిచే 1310, 1550 నానోమీటర్ల వెలుతురు కంటికి కనపడదు, వెలుతురు లేదనుకుంటావు.

ముక్కలు కనపడాలంటే కింద నల్లగుడ్డ ఉండాలి. మీ పెద్దమ్మ నా పాత గొడుగు విప్పి చుట్టూ అంచు కుట్టి ఇచ్చింది, అన్నేళ్లూ దాని మీదే చేశాను. ఉతికి ఆరేసింది, ఆదివారం మీ నాయన కడపకి వస్తే ఇచ్చి పంపుతాను. ఒక మూల కాలిన మచ్చ ఉంటుంది, అది బీడీది, మీ పెద్దమ్మకి మిషన్ ఆర్క్ నిప్పు అని చెప్పి ఉన్నాను.

మీ పెద్దనాయన