65 శాతం వెన్న లోపలికి, సీత బయటికి

ప్రశ్న: మా ఊరి పాల సేకరణ కేంద్రానికి జాంగో (పైథాన్ భాషలో వెబ్ అప్లికేషన్లు కట్టే చట్రం)లో ఒక అప్లికేషన్ రాశాను. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. వెన్న శాతం 2కి తగ్గకూడదు, 12కి మించకూడదు అని మోడల్‌లోనే వాలిడేటర్లు, అంటే విలువ సరైనదేనా అని చూసే తనిఖీలు, పెట్టాను. ఫారంలో 65 కొడితే ఒప్పుకోదు. కానీ ఎక్సెల్ నుంచి, వరసలన్నీ ఒకేసారి రాసే బల్క్ క్రియేట్‌తో ఎక్కించిన లెక్కల్లో 6.5 బదులు 65 ఉన్న వరసలు నిక్షేపంగా సేవ్ అయిపోయాయి. మరో వింత: రైతు పేరులో అక్షరాలే ఉండాలని పైథాన్ ఈజ్‌ఆల్ఫాతో తనిఖీ పెడితే ‘కమల’ వెళ్తోంది, ‘సీత’ వెళ్ళడం లేదు. కారణం ఏమిటి?
– ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా

జవాబు: ముందు 65 సంగతి చూద్దాం. దాని వెనక రైతు బిల్లు ఉంది.

జాంగోలో మోడల్ మీద రాసిన వాలిడేటర్లు సేవ్ అనగానే వాటంతటవి నడవవు. వాటిని నడిపేది ఫుల్ క్లీన్ అనే మెథడ్. మోడల్ ఫారం తన తనిఖీలో భాగంగా దాన్ని పిలుస్తుంది. అందుకే ఫారంలో మీ 65 ఆగింది. ఎక్సెల్ దారిలో ఫారం లేదు, ఫుల్ క్లీన్‌ని పిలిచేవాళ్ళూ లేరు. రూబీ ఆన్ రెయిల్స్ అనే మరో చట్రంలో సేవ్ అంటే ముందు తనిఖీ, తర్వాతే రాత. అది అలవాటైనవాళ్ళు ఇక్కడా అంతే అనుకుంటారు. నిజానికి అక్కడ కూడా అప్‌డేట్ ఆల్, ఇన్సర్ట్ ఆల్ లాంటివి తనిఖీని దాటుకునే పోతాయి.

‘సేవ్ మెథడ్‌ని తిరగరాసి అందులోనే ఫుల్ క్లీన్ పిలవండి’ అని చాలామంది సలహా ఇస్తారు. మీకు అది పనికిరాదు. బల్క్ క్రియేట్ అసలు సేవ్‌నే పిలవదు. ఎక్కించే కోడ్‌లో ఒక్కో వరసకీ ఆబ్జెక్ట్ తయారుచేసి, ఫుల్ క్లీన్ పిలిచి, వచ్చిన తప్పుల్ని ఎక్సెల్ వరస నంబరుతో సహా పోగుచేయండి. ఒక్క తప్పున్నా ఏదీ రాయకుండా ఆ జాబితాను కేంద్రంలో కూర్చున్న గుమాస్తాకి చూపించండి. ‘వరస 43: వెన్న శాతం 65’ అని కనిపిస్తే ఆయన పుస్తకం తెరిచి అక్కడికక్కడే దిద్దుకోగలడు. ‘ఇన్‌వాలిడ్ డేటా’ అంటే ఆయనేం చేయాలి?

ఇంతటితో ఆగకండి. రేపు ఇంకెవరో అప్‌డేట్ క్వెరీ రాస్తారు, లేదా నేరుగా డేటాబేస్ తెరిచి దిద్దుతారు. అదే హద్దును డేటాబేసే కాపలా కాసే నియమంగా, అంటే చెక్ కన్‌స్ట్రెయింట్‌గా టేబుల్ మీదే పెట్టండి. మైఎస్‌క్యూఎల్ వెర్షన్ మాత్రం చూసుకోండి. 8.0.16కి ముందున్నవి చెక్ అన్న మాటను చదివి ఊరుకునేవి, అమలు చేసేవి కావు.

ఒకే రైతు లెక్క రెండుసార్లు పడటానికీ ఇదే మందు. జాంగో ముందు ‘ఇలాంటి వరస ఉందా’ అని వెతికి, లేకపోతే రాస్తుంది. రెండు కౌంటర్లలో ఒకేసారి ఎంటర్ నొక్కితే ఇద్దరికీ ‘లేదు’ అనే జవాబే వస్తుంది, ఇద్దరూ రాసేస్తారు. ఒకే ఎక్సెల్‌లో జంట వరసలున్నా ఫుల్ క్లీన్ పట్టుకోలేదు, మొదటిది ఇంకా డేటాబేస్‌లోకి చేరలేదు కదా. అదే వరసను రెండోసారి రానివ్వని డేటాబేస్ నియమం, యూనిక్ కన్‌స్ట్రెయింట్, ఒక్కటే రెండింటినీ ఆపుతుంది. అయితే రైతు, తేదీ, పూట అని మూడింటితో సరిపెట్టకండి. ఒకే పూట ఆవు పాలూ గేదె పాలూ వేరువేరుగా పోసే ఇళ్ళుంటాయి. పాల రకాన్ని కూడా చేర్చండి. ఇలాంటి నియమం రాసేముందు పొద్దున్నే కేంద్రానికి వెళ్ళి క్యూలో నిలబడి చూడమంటాను.

ఇప్పటికే చేరిన 65లు ఉండగా కన్‌స్ట్రెయింట్ పెట్టబోతే మైగ్రేషన్ (టేబుల్‌ని మార్చే జాంగో మెట్టు) ఆగిపోతుంది. వాటిని పదితో భాగించే స్క్రిప్టు మాత్రం రాయకండి. 65 వెనక 6.5 ఉండొచ్చు, 5.6 తిరగబడి ఉండొచ్చు, పక్క గడిలోని అంకె జారి వచ్చి ఉండొచ్చు. రైతు దగ్గరున్న చీటీతో ఒక్కొక్కటీ సరిపోల్చండి. వెన్నను బట్టే లీటరు ధర. పది పైసల తేడా వచ్చినా ఆ ఇంట్లో అడుగుతారు, అడగాలి కూడా.

ఇక సీత. ‘కమల’లో ఉన్నవన్నీ విడి అక్షరాలే. ‘సీత’లో గుడిదీర్ఘం ఉంది. యూనికోడ్ (అన్ని లిపుల గుర్తులకూ నంబర్లిచ్చే ప్రమాణం) దృష్టిలో గుణింతపు గుర్తు అక్షరం కాదు, అది వేరే వర్గం. ఈజ్‌ఆల్ఫా దాన్ని చూడగానే కాదంటుంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల నమూనా)లో పదాక్షరాల కోసం బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ వాడినా పైథాన్ రీ మాడ్యూల్‌లో ఇదే గతి. గుణింతాల్ని అనుమతించినా, ‘రాజ్‌కుమార్’ అని రాయడానికి మధ్యలో పెట్టే కంటికి కనిపించని నాన్‌జాయినర్ (అక్షరాలు వత్తుగా కలవకుండా ఆపే గుర్తు) దగ్గర మళ్ళీ ఆగుతుంది. ఆ తనిఖీ మొత్తం తీసేయండి. ఖాళీలు కత్తిరించాక పేరు మిగిలిందా, అందులో అంకెలు లేవా, ఇంతవరకు చూస్తే చాలు. తన పేరు తన లిపిలో రాస్తే తప్పని చెప్పే ఫారం ఏ రైతుకీ ఎదురుకాకూడదు.

పేరు పొడవు కూడా చూడండి. ‘వెంకట సత్యనారాయణమూర్తి’ పలికితే 11 అక్షరాలు. గుణింతాలు, సున్న, పొల్లులు, వత్తులు, మధ్య ఖాళీ విడివిడిగా లెక్కపడి జాంగోకి అది 22. మ్యాక్స్ లెంగ్త్ 20 ఉంటే ఆయన పేరు పట్టదు. 100 ఇవ్వండి.