వేగాస్-బ్రైస్-గ్రాండ్ కాన్యన్ ఆర్వీ ట్రిప్: పగలు ఏసీ, రాత్రి ఫర్నేస్

మీరు అడిగింది ఇదీ: అక్టోబరు రెండో వారంలో లాస్ వేగాస్‌లో 25 అడుగుల క్లాస్ సి ఆర్వీ (వ్యాన్ చాసిస్ మీద కట్టిన, ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని యూటాలోని జయాన్, బ్రైస్ పార్కులు, అరిజోనాలోని పేజ్ ఊరు, గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు సౌత్ రిమ్ చుట్టి ఎనిమిదో రోజుకి తిరిగి రావాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నా, ఇద్దరు పిల్లలూ కూడా ఉంటారు. ఒకచోట ఎండ, ఒకచోట మంచు అంటున్నారు, దేనికి సిద్ధం కావాలి అని.

రెండింటికీ సిద్ధం కావాలండీ. ఆ దారిలో వాతావరణం తేదీని బట్టి కన్నా ఎత్తును బట్టి మారుతుంది. వేగాస్ సుమారు 2,000 అడుగులు. జయాన్ లోయలోని వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్ 4,000కి కాస్త తక్కువ. బ్రైస్ క్యాంప్‌గ్రౌండ్లు దాదాపు 8,000. పేజ్ 4,300, సౌత్ రిమ్ 7,000. వెయ్యి అడుగులు ఎక్కితే మూడున్నర ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గుతుందని లెక్క వేసుకోండి. వేగాస్‌లో మధ్యాహ్నం 85 ఉన్న రోజున బ్రైస్‌లో 65 దాటదు. రాత్రికి మాత్రం ఈ లెక్క నమ్మకండి. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆగిపోతే, చల్లగాలి బరువెక్కి పల్లంలోకి జారి అక్కడే కూర్చుంటుంది. గట్టు మీద 32 ఉన్నప్పుడు కింద గుంటలో 25 ఉండొచ్చు. సైటు ఎంచుకునే అవకాశం ఉంటే పల్లం వదిలేసి, ఉదయపు ఎండ త్వరగా తగిలే చోటు పట్టండి.

ఫోన్‌లోని యాప్ దగ్గర్లోని ఊరి సంగతి చెబుతుంది, మీరు పడుకునే చోటు సంగతి చెప్పదు. నేషనల్ వెదర్ సర్వీస్ సైటు, అంటే వెదర్ డాట్ గవ్ తెరిచి, మ్యాప్ మీద సరిగ్గా మీ క్యాంప్‌గ్రౌండ్ దగ్గర నొక్కండి. ఆ చుక్క ఎన్ని అడుగుల ఎత్తులో ఉందో అక్కడే రాసి ఉంటుంది. మీ క్యాంపు ఎత్తుకీ దానికీ వందల అడుగుల తేడా కనిపిస్తే చుక్కని కొంచెం పక్కకి జరిపి మళ్ళీ చూడండి. గంటవారీ గ్రాఫ్‌లో ఉష్ణోగ్రత, గాలి విసురు, వాన అవకాశం, ఈ మూడు గీతలు చాలు. సిగ్నల్ ఉన్నప్పుడే రెండు రోజులకి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఎందుకంటే పార్కుల మధ్య చాలా మైళ్ళు ఫోన్ పనిచేయదు. ఆ మైళ్ళ కోసం ప్రభుత్వ వాతావరణ ప్రసారాలు వినిపించే చిన్న నోవా వెదర్ రేడియో ఒకటి కొనండి. 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ మధ్య ఏడు చానెళ్ళుంటాయి. అన్నీ తిప్పి, ఏది వినిపిస్తే అది పెట్టుకోవడమే. కొండల సందుల్లో ఏదీ అందని చోట్లు కూడా ఉంటాయి.

ఇక అసలు సమస్య బ్రైస్ రాత్రులు. అక్టోబరులో అక్కడ రాత్రి 32 (నీళ్ళు గడ్డకట్టే డిగ్రీ) కిందికి దిగడం మామూలు విషయం. పార్కు లోపలి క్యాంప్‌గ్రౌండ్లలో హుక్‌అప్, అంటే బండికి తగిలించుకునే కరెంటు, నీళ్ళ కనెక్షన్, లేదు. కరెంటు ఉండదు, మీ బ్యాటరీ మీదే తెల్లవార్లూ గడవాలి. అందరూ గ్యాస్ సరిపోతుందా అని అడుగుతారు. గ్యాస్ సరిపోతుంది. గాలన్ ప్రొపేన్‌లో సుమారు 91,500 బీటీయూ (వేడిని కొలిచే లెక్క) ఉంటుంది. 30,000 బీటీయూ ఫర్నేస్, అంటే బండిని వెచ్చబెట్టే గ్యాస్ హీటర్, గంటసేపు ఆగకుండా మండితే గాలన్‌లో మూడో వంతు ఖర్చు. రాత్రి పది గంటల్లో సగం సేపు మండిందనుకున్నా గాలన్నర పైచిలుకు. మీ ట్యాంకు నిండుగా ఉంటే మూడు నాలుగు రాత్రులు దిగులు లేదు.

ముందు చేతులెత్తేసేది బ్యాటరీ. ఫర్నేస్‌లో ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది. థర్మోస్టాట్ అడగ్గానే ముందు ఫ్యాన్ తిరుగుతుంది. ఆ గాలి తోపుకి లోపల సెయిల్ స్విచ్ అనే చిన్న రేకు వంగాలి. అది వంగితేనే గ్యాస్ వాల్వ్ తెరుచుకుని, టిక్ టిక్ మని నిప్పురవ్వ పడి మంట అంటుకుంటుంది. బ్యాటరీ 11 వోల్టుల కిందికి వచ్చేసరికి ఫ్యాన్ నీరసపడుతుంది, రేకు పూర్తిగా వంగదు, గ్యాస్ తెరుచుకోదు. తెల్లవారుజామున మూడింటికి ఫ్యాన్ గొణుగుతూనే ఉంటుంది, వచ్చేది మాత్రం చల్లగాలి, పైగా మిగిలిన కాస్త చార్జీ కూడా అదే తాగేస్తుంది. గ్యాస్ గేజ్ చూస్తే నిండుగా ఉంటుంది. ఫర్నేస్ పాడైందని ఆ చలిలో అద్దె కంపెనీకి ఫోన్ చేసేవాళ్ళలో చాలామంది సమస్య ఇదే.

లెక్క ఇదీ: ఫ్యాన్ సుమారు 8 ఆంపియర్లు లాగుతుంది. రాత్రిలో అయిదు గంటలు తిరిగితే 40 ఆంపియర్-అవర్. 100 ఆంపియర్-అవర్ లెడ్-యాసిడ్ బ్యాటరీలో నిజంగా వాడుకోగలిగేది 50. గ్యాస్ డిటెక్టర్, ఫ్రిజ్ బోర్డు, ఒకటి రెండు లైట్లు కలిపితే సరిగ్గా తెల్లారేదాకా వస్తుంది, అదీ సాయంత్రం నిండుగా ఉంటేనే. బ్యాటరీలు ఎన్ని, ఏ రకం అని బండి తీసుకునేటప్పుడే అడగండి. రెండుంటే నిశ్చింత. ఫ్రిజ్ గ్యాస్‌తో నడిచేదో, 12 వోల్టుల కంప్రెసర్‌దో కూడా కనుక్కోండి. కంప్రెసర్ రకమైతే అది కూడా రాత్రంతా బ్యాటరీనే తింటుంది.

కాబట్టి ఆ సాయంత్రం, నిశ్శబ్ద వేళలు మొదలవకముందే, అనుమతించిన సమయంలో జనరేటర్‌ని కనీసం రెండు గంటలు నడపండి. తర్వాత ఇన్వర్టర్ ఆపేయండి. ఏమీ పెట్టకపోయినా అది కొంత లాగుతూనే ఉంటుంది. ఫర్నేస్ ఆగి ఉన్నప్పుడు ప్యానెల్ మీద 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.1కి వచ్చిందంటే సగం అయిపోయినట్టు. జనరేటర్ ఆపగానే చూస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది, అరగంట ఆగి చూడండి. థర్మోస్టాట్ 58 లేదా 60 దగ్గర పెట్టి, మిగతాది బొంతలకి వదిలేయండి. అద్దె వాళ్ళిచ్చే దుప్పట్లు పలచగా ఉంటాయి, ఇంటి నుంచి మందపాటివి తెచ్చుకోవడం మేలు. నాన్నగారికి మంకీ క్యాప్ ఉంటే మొహమాటపడకుండా పెట్టుకోమనండి, తల కప్పుకుంటే 58 కూడా హాయిగానే ఉంటుంది. ఆయన సీపాప్ (నిద్రలో ఊపిరికి సాయపడే మెషీన్) వాడేవారైతే ఆ రాత్రికి హ్యుమిడిఫయర్ వేడి ఆపడం గురించి ముందే డాక్టర్‌ని అడగండి. ఆ మెషీన్‌లో కరెంటు ఎక్కువ తినేది ఆ వేడే.

పార్కు బయట హుక్‌అప్ ఉన్న సైటు దొరికితే నేనైతే బ్రైస్‌లో ఆ రెండు రాత్రులకీ అదే తీసుకుంటాను, పెద్దవాళ్ళున్నారు కాబట్టి. అప్పుడు 1,500 వాట్ల ఎలక్ట్రిక్ హీటర్ పెట్టుకోవచ్చు. కానీ దాన్ని నమ్ముకుని ఫర్నేస్‌ని పూర్తిగా ఆపకండి. చాలా బండ్లలో ఫర్నేస్ గొట్టం ఒకటి కిందికి, నీళ్ళ ట్యాంకులూ పైపులూ ఉన్న అరలోకి వెళ్తుంది. పైన గది వెచ్చగా ఉందని ఫర్నేస్ మండకపోతే కింద పైపు గడ్డకడుతుంది.

నీళ్ళ సంగతి. బండి లోపలి పైపులు 28, 29 డిగ్రీలకి కొన్ని గంటలు తట్టుకుంటాయి. 20 దగ్గర రాత్రంతా ఉంటే కష్టం. ముందు గడ్డకట్టేవి బయట ఉన్నవి: నీళ్ళ హోస్, బయటి షవర్, మురుగు వదిలే డంప్ వాల్వ్. హుక్‌అప్ ఉన్నా సాయంత్రానికి ఫ్రెష్ ట్యాంక్ (మంచినీళ్ళది) నింపుకుని, కుళాయి కట్టేసి, హోస్ విప్పి, ఒక చివర ఎత్తి పట్టుకుని రెండో చివరి దాకా నడుస్తూ నీళ్ళన్నీ వంపేయండి. తర్వాత చుట్టి అరలో పెట్టి, రాత్రికి పంప్‌తో వాడుకోండి. సింకుల కింద అల్మరా తలుపులు తెరిచి ఉంచితే గది వేడి పైపులకి తగులుతుంది. సింకు, షవర్ నీళ్ళు చేరే గ్రే ట్యాంక్ వాల్వ్ మూసే ఉంచాలి. తెరిచి పెడితే కుళాయి నుంచి కారే చుక్కలు మురుగు గొట్టంలో ఒక్కొక్కటే గడ్డకట్టి పొద్దుటికి అడ్డుకట్ట అయిపోతుంది. చలి మరీ గట్టిగా ఉంటుందని తెలిస్తే గులాబీ రంగు ఆర్వీ యాంటీఫ్రీజ్ గ్రే, బ్లాక్ (టాయిలెట్‌ది) ట్యాంకుల్లో రెండేసి కప్పులు పోయండి. కారు యాంటీఫ్రీజ్ పొయ్యకూడదు, అది విషం. పొద్దున డంప్ హ్యాండిల్ బిగుసుకుపోయి ఉంటే బలవంతంగా లాగకండి, లోపల కేబుల్ తెగుతుంది. ఎండ తగిలేదాకా ఆగండి, లేదా హెయిర్ డ్రయర్ పట్టండి. గడ్డకట్టి పైపు పగిలితే ఖర్చు ఎవరిదో అద్దె ఒప్పందంలో చదవండి, సాధారణంగా మీదే.

మన వంట వల్ల వచ్చే తంటా ఇంకొకటుంది, తడి. ఆరుగురి ఊపిరికి తోడు అన్నం ఆవిరి, కుక్కర్ విజిల్, పైగా గ్యాస్ మండితే అదీ నీటి ఆవిరే ఇస్తుంది. చల్లటి అద్దాల మీద అదంతా నీరై కారి పరుపుల కిందికి చేరుతుంది. వంట చేసేటప్పుడు ఫ్యాన్ వేసి ఒక కిటికీ తెరవండి. రాత్రి పైకప్పు వెంట్ ఒక అంగుళం తెరిచే ఉంచండి, వేడి పోతుందని మూయకండి. పొద్దున అద్దాలు తుడిచి, గోడ పక్కన పరుపులు ఒకసారి ఎత్తి చూడండి. అన్నట్టు, 8,000 అడుగుల దగ్గర నీళ్ళు 197 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నెలో పప్పు ఉడకడానికి మధ్యాహ్నం దాకా పట్టేటట్టుంటుంది. కుక్కర్ తీసుకెళ్ళండి, ఇంటి దగ్గర మూడు విజిళ్ళకి అక్కడ నాలుగు.

చలికి స్టవ్ వెలిగించి కూర్చోవడం మాత్రం వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. అలారం అప్పుడప్పుడూ ఒక్కసారి కీచుమంటే లోపల బ్యాటరీ అయిపోవస్తోందని. నాలుగు బీప్‌లు, ఆగి మళ్ళీ నాలుగు వస్తుంటే అందరినీ లేపి వెంటనే బయటికి వచ్చేయండి, తర్వాతే కారణం వెతకండి.

గాలికి వస్తే, పేజ్ నుంచి కామెరన్ వైపు వెళ్ళే 89వ నంబరు రోడ్డు బట్టబయలు. వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగు రెట్లవుతుంది, గంటకి 20 మైళ్ళ గాలికీ 40కీ పోలికే లేదు. క్లాస్ సి అంటే పక్క నుంచి చూస్తే కదిలే గోడ. పక్కవాటుగా 40 దాటే విసురు ఉంటే ఆ పూట బయల్దేరకండి, మధ్యాహ్నం గాలి కన్నా పొద్దుటి గాలి సాధారణంగా నెమ్మదే. దారిలో గాలి పట్టుకుంటే క్రూజ్ కంట్రోల్ ఆపి 50, 55 దగ్గర నడపండి. ట్రక్కు దాటుతున్నప్పుడు ముందు పక్కకి తోసి, దాటాక తన వైపు లాగుతుంది. స్టీరింగ్‌తో పెనుగులాడకుండా గట్టిగా పట్టుకుని ఉంటే చాలు. దుమ్ము తుపానులో ఎదురుగా ఏమీ కనపడకపోతే రోడ్డు పూర్తిగా దిగి ఆపి, లైట్లన్నీ ఆర్పి, బ్రేక్ మీంచి కాలు తీసేయండి. ఎర్ర లైటు వెలుగుతుంటే వెనకొచ్చేవాడు అదే రోడ్డనుకుని నేరుగా మీ మీదికొస్తాడు. ఆనింగ్ (బండి పక్కన నీడకి పరిచే గుడ్డ పందిరి) విషయంలో నా నియమం ఒక్కటే: దాని కింద ఎవరూ కూర్చుని లేకపోతే అది చుట్టేసి ఉండాలి. అరగంట నడకకి వెళ్ళినా సరే.

పేజ్ చుట్టుపక్కల ఎండిన ఇసుక బాటల్లా కనిపించేవన్నీ వాగులు. మన దగ్గర పైన ఎక్కడో వాన పడితే కింద వాగు పొంగినట్టే అక్కడా. 1997 ఆగస్టులో లోయర్ యాంటిలోప్ కాన్యన్‌లో 11 మంది పర్యాటకులు వరదకి కొట్టుకుపోయి చనిపోయారు, వాన పడింది మైళ్ళ అవతల. అక్టోబరుకి ఆ ముప్పు తగ్గుతుందే గానీ పోదు. వాగులో బండి ఆపకండి. రోడ్డు మీద పారే నీళ్ళు అడుగున్నర, రెండడుగులుంటే చాలు, పెద్ద బండిని కూడా తేల్చేస్తాయి.

వేగాస్ వేడి సులువైన భాగం. 30 ఆంపియర్ ప్లగ్ అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీ 13 నుంచి 15, మైక్రోవేవ్ 12, కరెంటు మీద వాటర్ హీటర్ 12 ఆంపియర్లు. ఏ రెండైనా పర్లేదు, మూడోది పెడితే బ్రేకర్ పడుతుంది. ఏసీ ఆగితే మూడు నిమిషాలు ఆగి వేయండి. టైర్లలో గాలి బ్రైస్‌లో చల్లటి పొద్దున, కదలకముందు చూసుకోండి. పది డిగ్రీలకి దాదాపు 2 శాతం తగ్గుతుంది.

బ్రైస్‌లో మంచు పడుతుందని రెండు రోజుల ముందు తెలిస్తే ఎక్కకండి. దారిలోని కానబ్ ఊళ్ళో ఆగండి, బ్రైస్ కన్నా 3,000 అడుగులు దిగువ, పది డిగ్రీలు నయం. చాలా అద్దె బండ్లకి చెయిన్లు వేయనివ్వరు. కాబట్టి బుకింగుల్లో ఒక రాత్రి ఖాళీగా ఉంచుకోండి. స్లైడ్ (ఆపినప్పుడు బయటికి జరిపే బండి గోడ భాగం) మీద మంచు పడి ఉంటే చీపురుతో దులిపాకే లోపలికి తీయాలి.

చివరిగా, బండి తీసుకునే రోజు. వేగాస్ ఎండలో ఎవరూ ఫర్నేస్ పరీక్షించరు. మీరు థర్మోస్టాట్‌ని గది వేడి కన్నా పైకి, 90కి పెట్టి వేయించండి. కౌంటర్‌లో కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. మొదటి రెండు నిమిషాలు దుమ్ము కాలిన వాసన వస్తుంది, అది మామూలే. పది నిమిషాలు నడిపించి, వేడిగాలి వచ్చే ప్రతి గొట్టం దగ్గరా చెయ్యి పెట్టి చూశాకే సంతకం పెట్టండి.