పంపాక కాదు, పంపకముందే తప్పులు కనిపించాలంటే

మూడుసార్లు చదివి పంపినా మీ రెజ్యూమేలో తప్పులు మిగిలాయని బాధపడుతూ మీరు రాశారు. అందులో మీ నిర్లక్ష్యం ఏమీ లేదు. మనం రాసింది మనమే చదివితే, కన్ను కాగితం మీద ఉన్నది వదిలేసి మనసులో ఉన్నది చదువుతుంది. అందుకే ఒక రాత్రి ఆగండి. ప్రింటు తీసి, చివరి వాక్యం నుంచి మొదటికి, పైకి వినిపించేలా చదవండి. కంప్యూటర్ గీసే ఎర్రగీతను మాత్రం నమ్ముకోకండి. ఇంగ్లీషులో మేనేజర్ అనే మాటలో రెండో ‘ఎ’ జారిపోతే పశువుల తొట్టి అనే అర్థం వస్తుంది. అదీ నిఘంటువులో ఉన్న మాటే కాబట్టి గీత పడదు.

దరఖాస్తులో నాకు ఎక్కువ భయం వేరే చోట. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఉన్నచోట పదో తరగతి సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చండి. మీది విజయవాడ అన్నారు కదా, చిరునామాలో జిల్లా పేరు కూడా చూడండి. 2022 ఏప్రిల్ 4 నుంచి నగరం ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. పాత రెజ్యూమేని దిద్దుకుంటూ వచ్చినవాళ్లకు కృష్ణా జిల్లా అలాగే మిగిలిపోతుంది. మా తమ్ముడి దరఖాస్తులో నేను పట్టుకున్నది అదే.

ఫోను నంబరును చదివి సరిచూడకండి. ఇంట్లో మరొకరి ఫోను తీసుకుని, కాగితం మీద ఉన్న అంకెలు చూస్తూ నొక్కండి. మీ ఫోను మోగాలి.