ట్రావెల్ గ్రాంటు వస్తుంది, కానీ వెళ్లొచ్చాక వస్తుంది

"వియన్నాలో జరిగే ఈజీయూ (యూరోపియన్ జియోసైన్సెస్ యూనియన్) కాన్ఫరెన్సుకి అబ్‌స్ట్రాక్ట్, అంటే నా పరిశోధన సారాంశం, పంపాలనుకుంటున్నా. నెలకు 37,000 జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తప్ప ఇంకేమీ లేదు. గ్రాంటు వస్తుందిలే అంటున్నారు మా గైడు. నమ్మొచ్చా?" అని అడిగావు.

నమ్మొచ్చు చెల్లీ. కాకపోతే ఆ డబ్బులు చాలావరకు నువ్వు వెళ్లి, తిరిగొచ్చి, బిల్లులు పెట్టాక వస్తాయి. ఈ ముక్క నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

నేనూ తిరుపతిలోనే పీహెచ్‌డీ చేశా. వాతావరణాన్ని పరిశీలించే గాదంకి ఎంఎస్‌టీ రాడార్ డేటా మీద పని. ఆ వియన్నాకే నా పరిశోధన పోస్టరు పట్టుకుని పోయినా. ముందు చేసిన తప్పు చెప్తా. ఈజీయూ తనే విద్యార్థులకు కొంత ప్రయాణ సాయం ఇస్తుంది. దాని గడువు మాత్రం అబ్‌స్ట్రాక్ట్ గడువు కంటే బాగా ముందు, డిసెంబరు మొదట్లోనే అయిపోతుంది. నేను జనవరిలో తీరిగ్గా చూసుకున్నా. నువ్వు ఆ పేజీ ఈ రోజే తెరువు. ఏ కాన్ఫరెన్సుకైనా మొదట అడగాల్సింది దాన్ని జరిపేవాళ్లనే. ఫీజు మాఫీ దొరికినా సగం బరువు దిగినట్టే.

రెండోది మన ప్రభుత్వ సాయం. నేను తీసుకున్నది ఎస్‌ఈఆర్‌బీ (సైన్సు పరిశోధనకు డబ్బిచ్చే కేంద్ర బోర్డు) వాళ్ల ఐటీఎస్, అంటే విదేశీ ప్రయాణ సాయం పథకం. ఇప్పుడు ఎస్‌ఈఆర్‌బీ ఏఎన్‌ఆర్‌ఎఫ్ (అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్)లో కలిసిపోయింది, వాళ్ల పోర్టల్‌లో చూడు. నాకు ఎకానమీ టికెట్టు, వీసా ఫీజు, రిజిస్ట్రేషన్ ఇచ్చారు. గది అద్దె, తిండి మనవే. కేంద్ర పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్‌కూ ట్రావెల్ గ్రాంటు ఉంది. ఇది చదివే కంప్యూటర్ సైన్సు వాళ్లయితే ఏసీఎం ఇండియా, ఐఏఆర్‌సీఎస్ అనే ఆ రంగం సంఘాలు కలిసి ఇచ్చేది చూసుకోండి. సోషల్ సైన్సుల వాళ్లకు ఆ రంగం పరిశోధన మండలి ఐసీఎస్‌ఎస్‌ఆర్ ఉంది. ఏర్పేడు ఐఐటీ లాంటి చోట పీఎంఆర్‌ఎఫ్ (ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవాళ్లకు ఏడాదికి 2 లక్షల పరిశోధన గ్రాంటు ఉంటుంది, వాళ్ల బాధలు వేరేలే.

ఇక అసలు కథ. శాంక్షన్ లెటర్ చేతికొచ్చింది, పైసా రాలేదు. టికెట్టు కొనాలి, వీసాకు వేలిముద్రలివ్వడానికి చెన్నై పోవాలి, 30,000 యూరోల కవరేజీతో ఇన్సూరెన్సు తీయాలి, పైగా బ్యాంకు స్టేట్‌మెంటులో నాలుగు డబ్బులు కనబడాలి. ఫెలోషిప్పేమో నాలుగైదు నెలలకోసారి ఒకేసారి పడేది. ఆఖరికి మా నాయన మామిడితోపును పూత మీదే గుత్తకిచ్చి అడ్వాన్సు తెచ్చినాడు. ఆ ఏడు బెంగళూర కాయకు మంచి రేటు పలికింది, లాభం గుత్తదారు జేబులోకి పోయింది. నాయన ఒక్క మాట అనలేదు, అమ్మ మాత్రం ఇప్పటికీ అంటుంది.

టికెట్టు నీకు నచ్చిన యాప్‌లో కొనొద్దు. ప్రభుత్వ సొమ్ముతో ప్రయాణమైతే బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ, ఈ మూడు ప్రభుత్వ సంస్థల్లో ఒకదాని ద్వారానే బుక్ చేయాలని 2022లో ఉత్తర్వు వచ్చింది. నీ శాంక్షన్ లెటర్‌లో షరతు ఎట్లా రాశారో చదివి, అకౌంట్స్ సెక్షన్‌లో అడిగి కొను.

బోర్డింగ్ పాసులు కాగితం మీదే తీసుకో. నేను ఫోన్‌లో చూపించి ఎక్కేశా, తిరుగు ప్రయాణంలో ఫోన్ పాడైంది. బిల్లులు పెట్టినచోట "నువ్వు పోయినట్టు రుజువేదమ్మా?" అన్నారు. పోస్టరు పక్కన నిలబడిన ఫొటో చూపిస్తే నవ్వారు. పాస్‌పోర్టు ముద్రల జిరాక్సులు, ఎయిర్‌లైన్స్ వాళ్లను బతిమాలి తెప్పించుకున్న సర్టిఫికెట్టు పెట్టాక ఫైలు కదిలింది. డబ్బు పడేసరికి మరుసటి ఏడు పూత వచ్చింది.

కాబట్టి ఇప్పుడే మీ గైడును ఇంకో మాట అడుగు: ప్రాజెక్టు నుంచి గానీ యూనివర్సిటీ నుంచి గానీ అడ్వాన్సు ఇప్పించగలరా అని. నోటితో అడిగితే "చూద్దాం" అంటారు. ఖర్చుల అంచనా ఒక పేజీలో రాసి, సంతకానికి పెట్టు.