వీలునామా రాయబోయే మేనల్లుడికి

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గుండెకు స్టెంటు వేయించుకుని ఇంటికి చేరిన వారానికే వీలునామా ఎలా రాయాలో అడుగుతూ నీవు రాసిన ఉత్తరం చూసి మీ అత్తయ్య కలత పడింది గాని, నాకు మాత్రం ధైర్యం కలిగింది. ముప్పై ఏళ్లకు పైగా దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. మంచాన పడ్డాక రాయించిన వీలునామాను కోర్టులో నిలబెట్టడానికి కుటుంబాలు పడిన అవస్థలు దగ్గర నుంచి చూశాను కనుక, నీవు తిరుగుతూ ఉన్న రోజుల్లోనే ఈ పని ముగించాలని నా కోరిక.

ముందుగా నీ స్వార్జితం ఏది, పిత్రార్జితం ఏది అన్నది ఒక కాగితం మీద విడదీసి రాసుకో. పటమటలో ఇల్లు నీ జీతంతో కొన్నది కాబట్టి దాన్ని నీ ఇష్టప్రకారం ఎవరికైనా రాయవచ్చు. తుళ్లూరు వైపు పొలం తాతల నాటి నుంచి ఉమ్మడిగా వస్తున్నది. అందులో నీ వాటా వరకే నీవు రాయగలవు. 2005లో చట్టం మారిన తరువాత అలాంటి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతో హక్కు ఉంది. పైగా ఆ పొలాన్ని రాజధాని భూసమీకరణకు ఇచ్చావు. నీ దగ్గరున్న పాత చిత్తులో సర్వే నంబరూ, గట్ల హద్దులూ రాసి ఉన్నాయన్నావు. ఇప్పుడు ఆ గట్లూ లేవు, ఆ పొలమూ లేదు, నీ చేతికి వచ్చింది ప్లాట్లు. కాబట్టి ప్లాటు నంబరు, గజాలు, నాలుగు వైపుల హద్దులు, నీ పేరున ఉన్న దస్తావేజు నంబరు చూసి షెడ్యూలు, అంటే ఆస్తి వివరాల పట్టిక, మొత్తం తిరిగి రాయాలి.

ఇల్లు నీ భార్యకు జీవితకాలం అనుభవించే హక్కుతోనూ, ఆమె తదనంతరం పిల్లలకు సంపూర్ణ హక్కుతోనూ రాయాలనుకుంటున్నట్లు తెలిపావు. మన వైపు అందరూ అలాగే రాయిస్తారు, నేనూ ఎన్నో రాశాను. అయినా నీకు అలా రాయవద్దనే చెబుతాను. జీవితకాలపు హక్కు మాత్రమే ఉన్న మనిషి ఆ ఇంటిని అమ్మలేదు. రేపు ఆమెకు పెద్ద జబ్బు చేసి లక్షలు కావలసి వస్తే పిల్లల సంతకాల కోసం ఎదురుచూడవలసి వస్తుంది. ముప్పై ఏళ్లు నీతో కాపురం చేసిన మనిషిని ఆ స్థితిలో నిలబెట్టకు. ఇల్లు ఆమెకు సర్వహక్కులతో రాసి, ప్లాట్లలో నీ వాటాను పిల్లలిద్దరికీ పంచు. ఆమె చేత కూడా వేరుగా వీలునామా రాయించు. అమ్మాయికి తక్కువ రాయదలిస్తే కారణాన్ని వీలునామాలోనే రెండు వాక్యాల్లో పెట్టు. కారణం చెప్పకుండా బిడ్డను తప్పించిన వీలునామాను కోర్టులు అనుమానంతోనే చూస్తాయి; అలాంటి అనుమానాలను తీర్చవలసిన భారం వీలునామాను నమ్ముకుని వచ్చినవారిదేనని సుప్రీంకోర్టు 1959లోనే చెప్పింది.

మా నాన్నగారి సంగతి నీకు పూర్తిగా తెలియదు. ఆయన తన చేతితోనే నాలుగు పేజీలు రాశారు. మూడు పేజీల అడుగున పొందికైన ఆయన సంతకం ఉంది. మూడో పేజీ అడుగున మాత్రం ఖాళీగా ఉంది, ఇల్లు ఎవరికన్నది రాసిందేమో ఆ పేజీలోనే. సాక్షులిద్దరూ ఆయన ఈడువారే కావడంతో తగవు వచ్చేనాటికి ఇద్దరూ పోయారు. ఆ పేజీ మధ్యలో ఇరికించినదని మా అన్నయ్య, కాదని నేను ఏడేళ్లు వాదించుకున్నాం. ఆ ఏడేళ్లూ ఒకరి గడప ఒకరం తొక్కలేదు. కాబట్టి ప్రతి పేజీలోనూ సంతకం చెయ్యి, కొట్టివేతలుంటే పక్కన కూడా చెయ్యి. సాక్షులు కనీసం ఇద్దరుండాలని చట్టం. నీకన్నా పదిహేనేళ్లు చిన్నవారిని, ఆస్తిలో పైసా రానివారిని ఎంచుకో. నీవు వారి ఎదుట, వారు నీ ఎదుట సంతకాలు చేయాలి. గుండె జబ్బు వచ్చినవాడివి కనుక, నీ మనసు నిలకడగా ఉందని డాక్టరుగారి చేత అదే రోజున రాయించుకోవడం మేలు.

బ్యాంకులో నామినీగా అబ్బాయి పేరుంది కాబట్టి ఆ డిపాజిట్లు వాడివేనని నీవు అనుకుంటున్నావు. నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే. ఆ తరువాత అది వీలునామా ప్రకారం, అది లేకపోతే వారసులందరికీ చెందుతుంది. డిపాజిట్లను కూడా ఖాతా నంబర్లతో వీలునామాలో చేర్చు.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా చేయించు. నీవు బతికి ఉన్నంతకాలం రిజిస్టరైన వీలునామా నకలు నీకు తప్ప పరాయివారికి ఇవ్వరు, మనసు మారితే ఎన్నిసార్లయినా తిరిగి రాయవచ్చు, చివరగా రాసినదే చెల్లుతుంది. బతికుండగానే ఆస్తిని ఇచ్చేసే సెటిల్‌మెంటు దస్తావేజును పిల్లల పేర ఇప్పుడే రాసేయమని ఎవరైనా తొందరపెడితే ఒప్పుకోవద్దు. అది రాసిన రోజునే హక్కు చేయి దాటిపోతుంది, వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం. అంతగా రాయవలసి వస్తే నిన్ను పోషించే షరతును అందులో స్పష్టంగా రాయించు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద అలాంటి షరతు తప్పినప్పుడే దాన్ని రద్దు చేయమని అడగగలవు.

డాక్టరుగారు ప్రయాణానికి సరేనన్న తరువాత ఒక ఆదివారం ఉదయం రా. ఇంటి దస్తావేజు, తాజా ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు, అప్పులు చూపే పత్రం), ప్లాట్ల కాగితాలు, బ్యాంకు పుస్తకాలు తీసుకురా, నీ భార్యను కూడా వెంటబెట్టుకుని రా. ఆమె వినకుండా చిత్తులో ఒక్క వాక్యం కూడా నేను రాయను.

ఇట్లు,
మీ మామయ్య